చదివింపుల్లో కేకు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన కిరణ్ ఊరంతా చెప్పుకుంటాడు. ఉంటే ఏం? ఆ కోపమే లేకపోతే ఆ రోజు పెనుకొండ కల్యాణ మండపంలో మైకు పట్టుకునేదాన్ని కాదు.

అసలు సంగతికి వస్తాను. హిందూపురంలో మా ఇంట్లో నాలుగేళ్లుగా కేకులు చేస్తున్నాను. వీడియోలు చూసి నేర్చుకున్నదే. క్రీముతో గులాబీలు, మల్లెలు, ఒకసారైతే పెద్ద కొమ్ముల పొట్టేలు కూడా పెట్టాను. చుట్టాల్లో ఎవరి పుట్టినరోజైనా "మన పావని ఉందిగా" అనేవాళ్లు. తిని, వేళ్లు నాకి, "ఏం చెయ్యమ్మా నీది!" అని వెళ్లిపోయేవాళ్లు. పైసా రాల్చినవాళ్లు లేరు. ముప్పై కేకులయ్యాక, ఇక డబ్బుకే చేస్తానని ఇంట్లో చెప్పేశాను.

మా అత్త బాలనాగమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మనోళ్ల కాడ దుడ్లు తీసుకుంటావా పావనీ? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ అత్తా. ఈ ఒక్క ఆర్డరు చూస్తా. దుడ్లొస్తే ఇంటి ముందర బోర్డు పెడతా. రాకుంటే ఓవెన్ అమ్మేసి, మళ్లా కేకు మాటెత్తను."

ఆ ఆర్డరు ఇచ్చింది ఎవరో కాదు, అత్త సొంత కూతురే. మా వదిన ఉమాదేవి పెనుకొండలో ఉంటుంది. ఆమె కూతురు వైష్ణవి ఓణీల ఫంక్షనుకు అయిదు కిలోల కేకు. ఫోన్లో "నాలుగు వేలు వదినా" అని గబగబా చెప్పేశాను. "సరేలే, ఇస్తాంలే" అంది వదిన. ఫోన్ పెట్టేసి వంటింట్లో గంతులేశాను!

వైష్ణవి ఓణీ ధర్మవరంలో నేయించారు. దాని అంచు ఫోటో తెప్పించుకున్నాను. హంసల వరస, కింద రుద్రాక్షలు. అదే అంచు జరీ రంగు క్రీముతో కేకు చుట్టూ దించాలి. హంస ముక్కుల కోసం గోరింటాకు కోన్ అంత సన్నటి కోన్ చుట్టుకున్నాను. రెండు రోజులు వంచిన మెడ ఎత్తలేదు. చివరి హంస కుదరగానే పెద్దగా ఈల వేయాలనిపించింది, కానీ చెయ్యి కదులుతుందని ఊరుకున్నాను.

మే నెల ఎండ. కిరణ్ స్నేహితుడి కారులో ఏసీ నిండుగా పెట్టించి, కేకును ఒళ్లో పెట్టుకున్నాను. అత్త శాలువా కప్పుకుని, "కేకుకుండే మర్యాద నాకు లేకపాయ" అని సణిగింది. సోమందేపల్లి దాటేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా "మెల్లగా!" అని అరుస్తూనే ఉన్నాను.

మండపంలో పెట్టె తెరవగానే జనం మూగేశారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. "యాడ చేయించినారబ్బా? బెంగుళూరులోనా?" అని ఎవరో అడిగారు. నాకు సంతోషం పట్టలేదు.

భోజనాల ముందు చదివింపులు మొదలయ్యాయి. ఎవరేం పెట్టారో పుస్తకంలో రాసి, మైకులో చదివేది అత్త తమ్ముడు, మా యల్లప్ప మామ.

"కొత్తచెరువు ఈరన్న గారి చదివింపులు, వెయ్యిన్నూట పదహార్లు! ముదిగుబ్బ పద్మ గారి చదివింపులు, పట్టుచీర! హిందూపురం కిరణ్ గారి చదివింపులు, అయిదు కిలోల కేకు!"

చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. మైకులో చదివేశాక అది కానుకే. కానుకకు డబ్బెవరిస్తారు? పైగా నా పేరే లేదు! వదిన వైపు చూశాను. ఆమె నవ్వి, "పోనీలే పావనీ, ఇంతమందిలో మీ పేరొచ్చింది కదా" అంది.

బోర్డు పోయింది, ఓవెన్ పోయింది అనుకున్నాను. అంతే, ఎప్పుడు వేదిక ఎక్కానో నాకే తెలియదు.

"మామా, మైకియ్యి."

"ఏమైనాదమ్మా?" అంటూనే ఇచ్చేశాడు.

"అది చదివింపు కాదు, ఆర్డరు. చేసింది కిరణ్ కాదు, నేను. నా పేరు పావని. కేకులు చేసి అమ్ముతాను. మా చదివింపులు వేరేగా రాయిస్తాం."

వంటవాళ్లు గరిటెలు పట్టుకుని తొంగిచూశారు. కిరణ్ తల గోక్కున్నాడు. వదిన ముఖం కందగడ్డయింది. నాకు అప్పుడు భయమేసింది, ఎందుకంటే అత్త లేచి నిలబడింది.

లేచి నా దగ్గరికి రాలేదు, కూతురి దగ్గరికి పోయింది. "రెండు దినాలు ఆ పిల్ల మెడ ఎత్తలేదు. నా కండ్లతో చూసినా. తియ్యి" అంది. వదిన గొణుగుతూనే బ్యాగు తెరిచింది. అత్త ఆ డబ్బు తెచ్చి యల్లప్ప మామ ముందు పెట్టి, ఏమని చదవాలో చెవిలో చెప్పింది. ఆయన ఆమె ముఖం చూశాడు.

"అట్లే చదవల్లా అక్కా?"

"అట్లే. గట్టిగా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పెనుకొండ ఉమాదేవి గారు, హిందూపురం పావని కేకుల అంగడికి, నాలుగు వేల రూపాయలు!"

పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఎన్ని ఫంక్షన్లకు పోయామో. మైకులో నా పేరు నాదిగా వినబడడం అదే మొదలు. సిగ్గు లేకుండా ఏడ్చేశాను.

అత్త నోట్లు నా చేతిలో పెట్టి మోచేత్తో పొడిచింది. "ఏడుస్తాండావేమే? ధర్మవరమోళ్లు మనవడి పుట్టినరోజుకు కేకు కావల్లని ఆడ నిలబడుకోనుండారు. మనోళ్లే." నా చెవి దగ్గరికి వంగింది. "దుడ్లు ముందరే తీసుకో."