కత్తిరించిన నలభై సెకన్లు

కాలం చేసిన మా దేశాధ్యక్షుడు హోబర్ట్ క్రెన్షా ఫోనులో మాట్లాడిన మాటలన్నీ టేపుల మీద ఉన్నాయి. నెబ్రాస్కాలో ఆయన పేరిట కట్టిన గ్రంథాలయంలో ఆ టేపులు విని, పొల్లుపోకుండా టైపు చేయడం నా ఉద్యోగం. పదహారేళ్ళుగా ఆ గొంతు నా చెవుల్లో కాపురం పెట్టింది. కట్టుకున్న మొగుడి మాటలు కూడా నేనంత ఓపిగ్గా వినలేదు. దేశమంతా ఆయన్ని మహా మేధావి అంటుంది. నేనెరిగిన మేధావి మాత్రం తన కుక్కకి మలబద్ధకమని సైన్యాధిపతికి అరగంట ఏకరువు పెట్టినవాడు.

మొన్న మార్చిలో నా చేతికొచ్చిన టేపులో ఆయన తమ్ముడు ఎమ్మెట్‌తో మాట్లాడుతున్నాడు. నలభై ఒక్క నిమిషాల ముచ్చట. అందులో నలభై నిమిషాల పైచిలుకు వాళ్ళ పెద్దమ్మ పీచ్ పళ్ళు కూరి కాల్చే 'పై' అనే తీపి వంటకం గురించే. మిగిలిన నలభై సెకన్లు సాడిల్ క్రీక్ ఆనకట్ట గురించి.

ఆ ఆనకట్ట తెగి ఇరవై ముగ్గురు చచ్చిపోయారు. తెగబోతోందని ఇంజనీర్లు ముందే ఉత్తరం రాశారు. అది అధ్యక్షుడికి అందలేదనీ, సెక్రటరీ వెర్నా స్టాడ్లర్ సొరుగులో పడేసి మరిచిపోయిందనీ లోకానికి చెప్పారు. ఆమె ఉద్యోగం ఊడింది. ఇప్పుడామెకి ఎనభై రెండేళ్ళు, మా ఊళ్ళోనే ఒంటరిగా ఉంటోంది. మా గ్రంథాలయంలోని మ్యూజియం గోడ మీద ఆమె పేరూ, ఆమె చేసిన తప్పూ పెద్దక్షరాలతో రాసి ఉన్నాయి. బడిపిల్లల్ని బస్సుల్లో తెచ్చి మరీ చదివిస్తారు. ఏటా వరద వచ్చిన రోజున ఎవరో ఒకరు ఆమె గుమ్మం ముందు బురద కుమ్మరించి పోతారు.

టేపు మాత్రం వేరే కథ చెప్పింది. దాన్ని మా డైరెక్టర్ కర్టిస్ పెల్‌కి వినిపించాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ పీచ్ పై గురించి ఎంత బాగా చెప్పారు. దీన్ని ప్రదర్శనలో పెట్టేద్దాం."

"ఆనకట్ట ముక్క విన్నారా సార్?"

"విన్నాను. అది కత్తిరించెయ్."

మా దగ్గర ఊరికే కత్తిరించడం కుదరదు. ఎంతసేపు మాట తీసేశామో, ఎవరి కోసం తీశామో చీటీ రాసి, అందరూ చూసే పట్టికలో పెట్టాలి. దేశ రక్షణ కోసమని రాస్తే వాషింగ్టన్ వాళ్ళొచ్చి వింటారు. కుటుంబం కోసమని రాస్తే అధ్యక్షుడి కూతురు సంతకం పెట్టాలి, ఆవిడ సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది. పెల్ పెన్ను కొరుక్కుని, కొరుక్కుని, చివరికి రాశాడు: "జీవించి ఉన్న వెర్నా స్టాడ్లర్ పరువు కాపాడటం కోసం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆవిడ పరువు ఆవిడకి దక్కకుండా చేయడానికి ఆ పరువునే అడ్డం పెడతారా?"

"పెద్దావిడ. ఈ వయసులో ఆవిడ మనసు కష్టపెట్టడం దేనికి?"

ఎన్నికల్లో జెండాలు పంచి ఈ కుర్చీ సంపాదించిన మనిషికి, ఇక్కడ చేరిన మొదటిరోజే మాకు నేర్పే సంగతి తెలియదు. ఎవరి కోసం మూసిపెట్టామో, ఆ మనిషే సంతకం చేసి అడిగితే తెరిచి తీరాలి.

ఆ సాయంత్రమే వెర్నా ఇంటికి వెళ్ళాను. "అధ్యక్షుడి టేపులో కత్తిరించిన ముక్కలో ఏముందో నేను చెప్పకూడదండీ. మీ పరువు కాపాడటానికని మీ పేరు మీద చీటీ ఉందని మాత్రం చెప్పొచ్చు."

"నన్ను కాపాడుతున్నారా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చానన్నమాట." నేనిచ్చిన అర్జీ మీద సంతకం పెట్టబోయి ఆగింది. "ఆయన్ని మాత్రం ఏమీ అనకమ్మాయ్. ఆ ఉత్తరం నేను ఆయన చేతికే ఇచ్చాను. ఆ మాట ఈరోజుదాకా ఎవరితోనూ అనలేదు. చుట్టూ ఉన్నవాళ్ళే ఆయన చేత అలా చెప్పించి ఉంటారు. నన్ను తలుచుకుని ఎంత కుమిలిపోయాడో పాపం. ఆ టేపులో ఉండేది అదే."

నేను తల వంచుకుని కాగితం ముందుకు జరిపాను. అంత చేతకానిదాన్నయిపోయానని నా మీద నాకే కోపం వచ్చింది.

మంగళవారం వెర్నా నీలం కోటు వేసుకుని, లిప్‌స్టిక్ పూసుకుని గ్రంథాలయానికి వచ్చింది. పెల్ ఎదురు పరిగెత్తాడు. "మీ మంచి కోసమేనండీ..."

"నా మంచి నేను చూసుకుంటాను నాయనా. జరుగు."

హెడ్‌ఫోన్లు ఆమెకి పెట్టి, రెండో జత నేను పెట్టుకుని టేపు నడిపాను. ముందు ఎమ్మెట్ గొంతు వినిపించింది.

"నువ్వు ఆ ఉత్తరం చూశావని బయటపడితే ఎలాగన్నయ్యా?"

"టైపు కొట్టే పొట్టిది లేదూ, వెర్నా? దాని నెత్తిన వేసెయ్."

"అది ఊరుకుంటుందా?"

"నోరు విప్పదు. నేనంటే దేవుడనుకుంటుంది, పిచ్చి మొహం." నవ్వు. "అది సరే, ఆ పైలో వెన్న ఎంత వేసిందంటావ్?"

వెర్నా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"నిజమే. ముప్పై తొమ్మిదేళ్ళు నోరు విప్పలేదు," అంది.

పెల్ మంచినీళ్ళ గ్లాసుతో వచ్చాడు. "ఇది మన మధ్యే ఉండనిద్దామండీ. మీరంటే ఆయనకి ఎంత నమ్మకమో విన్నారుగా."

ఆమె గ్లాసు అందుకుని నీళ్ళన్నీ తాగింది. ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టి నావైపు తిరిగింది.

"అమ్మాయ్, ఇక్కణ్ణుంచి పేపరు వాళ్ళకి ఫోన్ చేయాలి, బయటి లైను రావాలంటే ముందు ఏ నంబరు నొక్కాలి?"

"తొమ్మిది," అన్నాను.