మడిసామికి చెప్పని మాట

మంచు కరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం కొండచరియ జారి నుయి వాళ్ళ వరిమడి మీద పడింది. ఆ చప్పుడుకి నుయి చేతిలో చేట అక్కడే పడేసి పరిగెత్తింది. వెళ్ళి చూసేసరికి మడి లేదు, గట్టు లేదు, నీళ్ళ కాలవ లేదు. పైనుండాల్సిన దేవదారు చెట్లు వేళ్ళతో సహా వచ్చి అక్కడ పడుకున్నాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదని ఊరివాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నుయికి మాత్రం ఊపిరాడలేదు. ఆ మడి తాలూకు సామి ఇంట్లో, లోపలి గదిలో, విత్తనాల మూట మీద హాయిగా నిద్రపోతున్నాడు.

మిజోరె లోయలో ప్రతి వరిమడికీ ఒక సామి ఉంటాడు. ఆయన మన కంటికి కనపడడు. ఆయనకీ చూపు లేదు. వరి కంకులు గుచ్చుకుని కళ్ళు పోయాయంటారు. మన కూటి కోసం పైరులో తిరిగి తిరిగి పోగొట్టుకున్న కళ్ళవి. అందుకే కోతలయ్యాక ఇంటివాళ్ళు వెళ్ళి, చెయ్యి అందించి, దారి చెబుతూ ఇంటికి తెచ్చుకుంటారు. స్నానానికి నీళ్ళు కాచిపెట్టి, వండినవన్నీ ముందు పెట్టి, ఏ గిన్నెలో ఏముందో పేరు పేరునా చెబుతారు. చలికాలమంతా ఆయన విత్తనాల మూట మీద పడుకుంటాడు. ఆ నిద్రే గింజకి ప్రాణం. వసంతం రాగానే మళ్ళీ చెయ్యి పట్టుకుని మడిలో దింపాలి.

నుయి ఇంట్లో ఆ పని ఎన్నో ఏళ్ళు మామ గెంపాచి చేశాడు. ఆయన మోకాళ్ళు పట్టేశాక కొడుకు, అంటే నుయి మొగుడు, చేశాడు. ఆ కొడుకు దుంగలు దించుతూ ఏటిలో కొట్టుకుపోయాక, అది నుయి వంతయింది.

చరియ పడిన సాయంత్రమే పక్కింటి తోరా వచ్చింది. నోరున్న ముసలిది. గడప దాటకముందే గొంతు తగ్గించి, లోపలి గది వైపు గడ్డం ఆడించింది.

"లేచాడా?"

"లేదు పెద్దమ్మా."

"బతికిపోయావు. పొరపాటున కూడా చెప్పకు. వాగు కిందవాళ్ళ సంగతి తెలుసుగా? ఏరు మీ మడిని కోసుకుపోయింది సామీ అని ఉన్నదున్నట్టు చెప్పారు, మహా సత్యవంతులు. ఆయన తిన్నగా కొండెక్కేశాడు. గింజల్లో ప్రాణం ఆయనతోనే పోయింది. ఇప్పుడు వాళ్ళ ఇంటి కప్పు మీద గడ్డి మొలుస్తోంది."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"వాలులో నేను కొత్తగా చదును చేయించిన మడి ఉందిగా, దానికింకా సామి లేడు. అక్కడ దింపి, ఇదే నీ మడని చెప్పు. నువ్వే దున్నుకో. నా ముసలి ఎముకలకి ఉన్న మళ్ళే ఎక్కువ."

"చూపు లేనివాడికి అబద్ధం చెప్పమంటావా?"

"చూపున్న మొగుళ్ళకే చెప్పాం కదే బతికినన్నాళ్ళూ. దీనికేం వచ్చె."

నుయికి నవ్వు రాలేదు. మామ వైపు చూసింది. గెంపాచి పొయ్యి ముందు కూర్చుని పుల్లతో బూడిదలో గీతలు గీస్తున్నాడు.

"మీరేమంటారు మావయ్యా?"

"నా నోటితో అయితే చెప్పలేనమ్మా."

"అయితే వద్దంటారా?"

"వద్దనీ అనలేను. ఆ గింజలు మొలవకపోతే వచ్చే చలికాలం ఈ పొయ్యి వెలగదు. నన్ను వీపున మోసుకుని ఏ లోయకి పోతావు నువ్వు?"

వద్దనడు, సరేననడు. బరువంతా కోడలి నెత్తిన పెట్టి బూడిదలో గీతలు గీసుకోవడమే పెద్దరికం కాబోలు. నుయికి ఒళ్ళు మండింది. కానీ ఆయన అన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు.

దింపే రోజు పొద్దున్నే ఆమె తలస్నానం చేసి, లోపలి గదిలో విత్తనాల మూట ముందు కూర్చుని చెయ్యి చాపింది. "వసంతం వచ్చింది సామీ, బయల్దేరదాం" అంది. కాసేపటికి ఆమె ఎడమ చేతి మీద బరువు వాలింది. నిద్ర తీరని పిల్లవాడు తల్లి మీద వాలినట్టు, ఏ అనుమానమూ లేని బరువు. మామూలుగా ఆ బరువంటే ఆమెకి ప్రాణం. ఆ రోజు మాత్రం ఆ చేతి వైపు చూడకుండా లేచింది.

దారంతా మామూలుగానే చెప్పుకుంటూ నడిచింది. ఇక్కడ మెట్టు సామీ, ఇక్కడ జారుతుంది సామీ. చెస్ట్‌నట్ చెట్టు దగ్గర దారి చీలుతుంది. ఆమె ఏమీ అనకముందే బరువు ఎడమకి తిరిగింది. ఇన్నేళ్ళ అలవాటు కదా. నిజం నుయి గొంతుదాకా వచ్చింది. పొద్దున మామ మింగలేక మింగలేక తాగిన కొర్ర గంజి గుర్తొచ్చింది.

"అటు బురదగా ఉంది సామీ. చుట్టు తిరిగి పోదాం."

బరువు ఆగింది. తర్వాత బుద్ధిగా కుడివైపు వచ్చింది. ఒక అబద్ధంతో పోతుందనుకుంది పిచ్చిది. కొత్త మడి గట్టు మీద నిలబెట్టి "ఇదిగో సామీ, మీ మడి" అనగానే, సామి అడుగులు గట్టంతా తడుముతూ తిరిగాయి. ఆయన వచ్చీ రాగానే కూర్చునే పలకరాయి ఒకటి ఉండేది, దాని కోసం.

"రాయి మంచుకి దొర్లిపోయింది" అంది నుయి.

పాత మడిలో ఎడమవైపు నుంచి వచ్చే నీళ్ళ చప్పుడు ఇక్కడ కుడివైపు నుంచి వస్తుంది. సామి అటు తిరిగి చాలాసేపు వింటూ నిలబడ్డాడు.

"కాలవ దారి మార్చాం" అంది. తన గొంతు తనకే తోరా గొంతులా వినిపించింది.

చివరికి చేతి మీది బరువు దిగిపోయింది. మడి బురదలో గిన్నె అడుగంత గుండ్రటి గుంటలు ఒకటొకటిగా పడుతూ లోపలికి వెళ్ళాయి. మొక్కి వెనక్కి తిరిగింది. ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉంది.

మర్నాడు కట్టెల కోసం చరియ పడిన వైపు వెళ్ళింది. వెళ్ళకుండా ఉన్నా బాగుండేది. పాత మడిని కప్పేసిన మట్టి మీద గుండ్రటి గుంటలు. గట్టు ఉండాల్సిన చోట పొడవునా ఉన్నాయి. పలకరాయి ఉండాల్సిన చోట, తవ్వి వెతికినట్టు, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చూపు లేనివాడు, చెయ్యి ఇచ్చేవాళ్ళు లేకుండా, ఒక్కడే తడుముకుంటూ వచ్చి చూసుకుని వెళ్ళాడు.

అక్కడి నుంచి కొండెక్కే దారి నాలుగడుగులే. నుయి గబగబా వెళ్ళి ఆ దారి చూసింది. దాని మీద ఒక్క గుంట లేదు. గుంటల వరసంతా వెనక్కి, కొత్త మడి వైపే పోయింది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గింజలు మొలిచాయి. అంత ఒత్తుగా ఎన్నడూ మొలవలేదు. పైరు నడుమెత్తు ఎదిగింది. తోరా గట్టు మీదికొచ్చి నడుం మీద చేతులేసుకుని మురిసిపోయింది.

"చూశావా? నా మాట విన్నందుకు ఇల్లు నిలబడింది. ముసిల్దాన్నని తీసిపారెయ్యకు."

"నువ్వు చెప్పినట్టే అయింది పెద్దమ్మా" అంది నుయి. ఆ పచ్చదనం వంక చూడాలంటే ఆమెకి ముఖం చెల్లడం లేదు.

కోతలయ్యాక సామిని పిలవడానికి వెళ్ళింది. ఏటా ఆయన గట్టు చివర ఎదురుచూస్తూ ఉండేవాడు, చెయ్యి చాపడమే ఆలస్యం వాలిపోయేవాడు. ఈసారి గొంతు పోయేలా పిలిచాక వచ్చాడు. వాలలేదు. చేతి మీద బరువన్నదే లేదు. అంగీ చేతి అంచుని మాత్రం ఎవరో రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు లాగుడు తెలిసింది. ఇంటిదాకా అలాగే వచ్చాడు. మెట్టు ఉందని చెప్పిన ప్రతిచోటా ముందు కాలితో తడిమి చూసుకున్నాడు.

ఇంట్లో గెంపాచి ఉతికిన బట్టలు కట్టుకుని, కీళ్ళ నొప్పి ఓర్చుకుంటూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నుయి గిన్నెలు సర్దింది.

"ఇది ఎర్రగింజల అన్నం సామీ."

పేరు చెప్పగానే గిన్నె మీది ఆవిరి సామి కూర్చున్న వైపు వంగాలి. వంగలేదు. అన్నం మీద, వేలితో నొక్కినట్టు, చిన్న గుంట పడింది. ఆ తర్వాతే ఆవిరి వంగింది.

"ఇది ఉప్పుచేప సామీ." చేప తోక కొద్దిగా కదిలింది.

"ఇది ముల్లంగి." ముల్లంగి ముక్క ఒకటి పక్కకి జరిగింది.

గెంపాచి ఆ ముల్లంగి ముక్కనే చూశాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి తడిమి చూళ్ళేదమ్మా" అన్నాడు మెల్లగా. "ఒక్కసారి కూడా."

నుయి ఇక ఆగలేకపోయింది. నేల మీదికి తల వంచేసింది.

"సామీ, అది మీ మడి కాదు. మీ మడి కొండ కింద పడిపోయింది. మీరు వెళ్ళిపోతారని భయమేసి మీకు చెప్పలేదు. మీరు వెళ్ళి చూసుకున్నారు, నాకు తెలుసు. తెలిసి కూడా మాకు తిండి పెట్టారు. తప్పు నాది, మావయ్యది కాదు."

గెంపాచి కూడా తల వంచాడు. పొయ్యిలో కట్టె చిటపటమంది. ఆవిరులు నిలువుగా లేస్తూనే ఉన్నాయి. సామి లేచి వెళ్ళలేదు. నుయి ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, మిగిలిన ఒక్క గిన్నెనీ జాగ్రత్తగా ముందుకి జరిపింది.

"ఇది చేమదుంపల పులుసు సామీ. ఇప్పుడే దించాను, కాలుతుంది."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. పులుసు మీద చిన్న అల లేచింది. వేలు కాలినట్టుంది, గిన్నె ఒక్కసారి అదిరింది.