నాయకర్ చీనా మండపం

ఎత్తిరాజ్ నాయకర్ బీజింగ్‌లో చూసినవన్నీ మరిచిపోయాడు గానీ, ఆ ఈల మాత్రం మరవలేదు. చక్రవర్తుల ఉద్యానవనంలో, కొలను గట్టున ఎర్రస్తంభాల మండపం కనబడితే, కాళ్లు పీకుతున్నాయని అడ్డంగా కట్టిన తాడు దాటి అరుగు మీద కూర్చున్నాడు. కాపలావాడు ఈల ఊది, టూరు జనమంతా చూస్తుండగా లేపేశాడు.

"మన చేనులో మనమే ఇట్లాంటి మండపం కట్టుకుందాము. ఎవడొచ్చి లేపుతాడో చూస్తా!" అని బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాడు.

తమిళనాడులోని కోవిల్‌పట్టికి తిరిగొచ్చాక అన్నంత పనీ చేశాడు. ఎట్టయాపురం దారిలోని నల్లరేగడి చేనులో కొలను తవ్వించి, మోటరుతో నీళ్లు నింపి, గట్టున మండపం లేపాడు. విరుదునగర్ నుంచి వచ్చిన గుడి శిల్పి చూరు కొనల్ని చీనావాళ్లలాగే పైకి వంచాడు గానీ, చేయి ఊరుకోక ఒక్కో కొన మీద ఒక్కో నెమలిని కూర్చోబెట్టాడు.

తొలి ఆదివారమే చుట్టాలు దిగబడ్డారు. వాళ్లు వెళ్లేసరికి స్తంభాల నిండా వేరుశనగల కడలమిట్టాయి పాకం, అరుగు నిండా నూనె మరకలు. నాయకర్ ప్రాణం ఉసూరుమంది. మర్నాడే చుట్టూ తాడు కట్టించాడు. తర్వాత ఈల కొన్నాడు. రంగు పోతుందని తనూ కూర్చోవడం మానేశాడు.

ఒక మిట్టమధ్యాహ్నం పత్తి తీసి అలిసిపోయిన భార్య వెంగమ్మాళ్ తాడు కింద నుంచి దూరి, ఆ నీడలో నడుం వాల్చింది. ఎండలో నిలబడ్డ నాయకర్ గట్టిగా ఈల ఊదాడు.

ఆమె కళ్లయినా తెరవలేదు.

"చీనాలో మిమ్మల్ని లేపినోడు నెల సంబళానికి లేపె. మీరు సొంత కాసు పోసి కట్టి, ఊరికే సుమ్మా కావలి కాస్తా ఉండారే!"