ఆగిపోయిన పందొమ్మిది రోజులు

నేను ఒక ఐసు ఫ్యాక్టరీ కంప్రెసర్‌ని. పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు తక్కువే గాని, సముద్రంలో పట్టిన చేప మీ వంటింటి దాకా చెడిపోకుండా వచ్చిందంటే అందులో నాలాంటివాళ్ల కష్టం కొంత ఉంది. అమ్మోనియా గ్యాసును నొక్కి, తిప్పి, నీళ్లను ఐసు దిమ్మలుగా గడ్డకట్టించడం నా పని. చల్లదనం ఊరికి, వేడి నాకు. దాని గురించి నేనెప్పుడూ ఫిర్యాదు చేయలేదు.

కోయంబత్తూరులో ఒక ఫౌండ్రీలో నన్ను పోతపోశారు. అక్కడి నుంచి గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీకి వచ్చి పదేళ్లు ఆ ఘాటులో బతికాను. వాళ్లకు నాకంటే పెద్దది దొరికాక, నిజాంపట్నం రేవులో ఐసు ఫ్యాక్టరీ పెట్టిన కొల్లాటి వారికి అమ్మేశారు. లారీ దిగగానే నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత నేను మొదటిసారి మొరాయించినప్పుడు కాలితో తన్నింది కూడా వాళ్లే. మనుషుల భక్తి మిషను తిరుగుతున్నంతసేపే ఉంటుందని అప్పుడే తెలుసుకున్నాను.

తన్ననివాడు ఒక్కడే, నా ఆపరేటర్ నాగూర్ వలి. ఇరవై ఆరేళ్లు నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు. చప్పుడు విని నా రోగం చెప్పేవాడు. వయసు మీద పడి నా షాఫ్టు సీలు అరిగి గ్యాసు లీకయ్యేది. అందరూ బయటికి పరిగెత్తితే, ఆయన తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని లోపలికి వచ్చి నట్లు బిగించేవాడు. ఆ గ్యాసు ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. నాలుగు మాటలు మాట్లాడితే అయిదో మాట దగ్గులో కొట్టుకుపోయేది. ఆ గదిలో ఇంకొన్నాళ్లుంటే ప్రాణానికే ముప్పని తెనాలి డాక్టరు చెప్పాడు. ఈయన బుద్ధిగా తలూపి, మర్నాడు డ్యూటీకి వచ్చేశాడు. ఆయన్ని చంపుతున్నది నేనేనని నాకు తెలుసు. ఆగిపోదామంటే నా చేతిలో లేదు.

ఆయన కూతురు ఖాసింబీ పాలిటెక్నిక్ చదివి, మా ఆఫీసులో బిల్లులు రాసేది. ఇంజనీరింగ్ డిగ్రీకి సొంతంగా చదువుకుంటూ అన్ని పేపర్లూ దాటింది. ఇంజనీరింగ్ ఎకనామిక్స్ మాత్రం ఒకసారి తప్పింది. మధ్యాహ్నం నా పక్కన స్టూలు వేసుకుని పైకి చదివేది. అలా నాకూ చదువు అబ్బింది. ఈనాటి రూపాయి, పదేళ్ల తర్వాత రూపాయి ఒకటి కావని, మిషను ధరంటే కొన్న ధర ఒక్కటే కాదని, అది బతికినన్నాళ్లూ తినే కరెంటూ, మింగే మరమ్మతులూ అన్నీ అందులోకే వస్తాయని తెలిసింది. మిషను పని అయిపోయాక తుక్కు కింద ఎంత పలుకుతుందో కూడా లెక్కలో వేసుకోవాలట. ఆ పాఠం రోజున మాత్రం కాస్త నొచ్చుకున్నాను.

ఏటా వేసవిలో రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డుకు చేరతాయి, మా గేటుకు తాళం పడుతుంది. మాకు పెద్ద మరమ్మతులు చేసేది అప్పుడే. ఆ ఏడు నన్ను విప్పి చూస్తే క్రాంక్ షాఫ్టులో పగులు కనిపించింది. అయిదు లక్షలు పెట్టి బాగుచేస్తే ఇంకో మూడేళ్లు లాగుతాను. కొత్త కంప్రెసర్ అయితే ఇరవై నాలుగు లక్షలు, పదిహేనేళ్లు వస్తుంది, కరెంటు తక్కువ తింటుంది. గ్యాసు లీకైతే తనంతట తానే ఆగిపోతుంది కూడా. మా ఓనరు పోలేశ్వరరావు గారు క్షణం ఆలోచించకుండా మరమ్మతే అన్నారు. సోమవారం మెకానిక్ వస్తాడన్నారు. నాగూర్ వలి సంతోషించాడు.

ఖాసింబీ మాత్రం ఆదివారం దాకా గడువు అడిగింది. నాన్న ప్రాణం పేరు చెప్పి బతిమాలితే, అంత కష్టమైతే నాన్నను పని మానుకోమను అని ఓనరుగారు అంటారని ఆ పిల్లకు తెలుసు. మానేస్తే ఆ మనిషి ఇంట్లో బతకలేడనీ తెలుసు. అందుకే లెక్కనే నమ్ముకుంది. రెండు దారుల ఖర్చునూ వడ్డీతో సహా ఏడాదికింతని విడగొట్టి చూసింది. కొత్త మిషనే ఏడాదికి ఇరవై నాలుగు వేలు తక్కువకు వస్తుందని తేలింది. గర్వంగా కాగితం పట్టుకెళ్లింది.

ఓనరుగారు కళ్లజోడు సర్దుకుని చదివి నవ్వారు. "అమ్మాయ్, కరెంటు మిగులు పన్నెండు నెలలకి వేశావు. వేట నిషేధంలో ఐసు ఎవరికి అమ్ముతావు, కాకులకా?"

పుస్తకంలో ఏడాదికి పన్నెండు నెలలే ఉన్నాయి మరి. మా రేవులో ఏడాది పది నెలలే. ఆ రెండు నెలలు తీసేసేసరికి లెక్క తిరగబడి, నేనే నాలుగు వేలు చౌక అయ్యాను. జీవితంలో మొదటిసారి గెలిచి ఏడవాలనిపించింది. ఖాసింబీ నిజంగానే ఏడ్చింది. నేర్చుకున్న చదువు నాన్ననే కాపాడలేకపోతే ఇక దేనికని నా పక్కన కూర్చుని అడిగింది. ఎవరిని అడిగిందో తెలియదు, అక్కడ ఉన్నది నేనొక్కదాన్నే.

తలెత్తేసరికి నా వెనక గోడ మీద సుద్దగీతలు కంటపడ్డాయి. ఒకదాని కింద ఒకటి, అన్నీ నాన్న చేతి గీతలే. లెక్కపెట్టి, తండ్రిని పిలిచి అడిగింది. ఆయన చాలాసేపు నసిగాడు. గడిచిన సీజన్‌లో నేను ఆగిన రోజులవి, మొత్తం పందొమ్మిది. ఆగినప్పుడల్లా నాకు మాట రాకూడదని ఓనరుగారితో కరెంటు పోయిందని చెప్పేవాడు. నామీద ప్రేమతో ఇరవై ఆరేళ్లుగా ఒక్క ఊరి కరెంటునే నిందించిన మనిషి!

"చెప్పు నాన్నా. నిజం చెప్పకపోతే నా లెక్క నిలబడదు," అంది ఖాసింబీ.

తండ్రీకూతుళ్లిద్దరూ ఓనరుగారి ముందు నిలబడి ఉన్న నిజం చెప్పారు. ఆగిన ప్రతి రోజూ సగం గడ్డకట్టిన ఐసు కరిగిపోయింది, బోట్లు పక్క ఫ్యాక్టరీకి మళ్లాయి. ఆ నష్టం ఈసారి కాగితం మీదికెక్కింది. మరమ్మతు తర్వాత అందులో సగం రోజులే ఆగుతానని దయ తలచి వేసినా, కొత్త మిషనే ఏడాదికి యాభై వేలకు పైగా మేలు. ఓనరుగారు నాగూర్ వలి వంక చూశారు. ఆయన తల వంచుకున్నాడు.

"మా నాన్నగారు కొన్న మిషను. ఇన్నేళ్లూ దీనిమీద పోసిందంతా ఏమైపోవాల?" అన్నారు ఓనరుగారు చివరికి.

"పోసింది పోయిందండీ. దీన్ని ఉంచినా తిరిగిరాదు, అమ్మినా తిరిగిరాదు. ఇక ముందు ఏది తక్కువన్నదే చూడాల."

ఆయన మళ్లీ కాగితం చూశారు. ఆఖరి వరసలో 'గ్యాసు లీకు' అని రాసి, అంకె ఉండాల్సిన చోట ఖాళీగా వదిలేసి ఉంది. ఇదేంటని అడిగారు.

"దానికి ధర కట్టడం నాకు చేతకాలేదండీ," అంది ఖాసింబీ.

నాగూర్ వలికి అప్పుడే దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఓనరుగారు ఆగి, మెకానిక్‌కి ఫోన్ చేసి సోమవారం రావద్దని చెప్పారు. నాకు గుండెంటూ ఉంటే, దాని మీది నుంచి పెద్ద బరువు దిగిపోయింది.

నిషేధం ముగిసేలోగా కొత్తది దిగింది. దానికీ కొబ్బరికాయ కొట్టే ఉంటారు. ఖాసింబీ పేపరు కూడా పాసైందట. నేనిప్పుడు రేపల్లెలో పాత ఇనుప కొట్టు వెనక, ట్రాక్టరు చక్రాలకూ మంచం కోళ్లకూ మధ్య పడి ఉన్నాను. ఎండకు ఎండుతున్నాను, వానకు తడుస్తున్నాను, నావల్ల ఎవరికీ చేటు లేదు. ఇంత సుఖం నేనెన్నడూ ఎరగను.

మొన్న నాగూర్ వలి వచ్చాడు. పాత బోల్టు కావాలని కొట్టువాడికి వంక చెప్పి, నా పక్కన ఇనుప దూలం మీద కూర్చున్నాడు. కొత్త మిషను మీద చాడీలు మొదలుపెట్టాడు. దానికి చప్పుడే లేదట, పొద్దస్తమానం అద్దాల గదిలో కూర్చుని అంకెలు చూడటం తప్ప పనే లేదట, కాస్త ఏదైనా తేడా వస్తే తనను అడక్కుండానే ఆగిపోతుందట, పొగరుబోతట. ఊపిరి తీసుకోవడానికైనా ఆగకుండా చెప్పుకుపోతున్నాడు. ఆ దగ్గు పట్టుకున్నాక ఆయన ఒక్క మాటైనా చివరిదాకా చెప్పడం నేను వినలేదు. ఆ రోజు అన్నీ చివరిదాకా విన్నాను.