ఆర్యపల్లి స్టీకు

బల్ల మీద గుడ్డ పరిచిన హోటలంటే మా ఆయనకి ఒళ్లుమంట. కుర్చీకి మెత్తటి సీటు కనిపించిందా, గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. నీటుగా బట్టలు వేసుకున్న కుర్రాడు వచ్చి ఏం కావాలని అడిగితే, అక్కడ తిండి బావుండదని వాసన చూడకుండానే తేల్చేస్తారు.

ఆయన పేరు లక్ష్మణరావు. బరంపురంలో చింతపండు, ఎండుమిరప హోల్‌సేల్ వ్యాపారం. మా మామగారి తాత పెట్టిన కొట్టు అది. ఇంట్లో అన్నం కాస్త చల్లారితే కంచం పక్కకి నెట్టేస్తారు. పోపులో ఆవాలు మాడితే ఆ పూటంతా మాట్లాడరు. అలాంటి మనిషికి ఆదివారం వచ్చేసరికి విరిగిన బెంచీ, మసిపట్టిన గోడ, సొట్టలు పడ్డ పళ్లెం కావాలి. అవి ఉన్నచోటే అసలు రుచి ఉంటుందని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతం వినడానికి బజార్లో ఆయనకి నలుగురు శిష్యులు కూడా ఉన్నారు. వాళ్లలో ముఖ్యుడు పూర్ణచంద్ర, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. మా ఆయన ఏమన్నా ముందు తలూపి, తర్వాత వింటాడు.

ప్రతి ఆదివారం వీళ్లంతా మా కారులో బయలుదేరేవారు. ఒక వారం భంజనగర్ దారి. అక్కడో పాకలో మేక తొడ మాంసాన్ని ఎముక తీసి, దంచి, నిప్పుల మీద కాల్చి పెడతారు. ఇంకో వారం సముద్రం వైపు ఆర్యపల్లి, కూర్మారావు హోటలు. హోటలంటే రేకుల షెడ్డు. సరుగుడు తోట దాటగానే వస్తుంది. ఆ షెడ్డులో దొరికేదాన్ని స్టీకు అంటారు. వంజరం చేపని అడ్డంగా, రెండు వేళ్ల మందాన కోసి, కారం పట్టించి, పెనం మీద కాల్చిన ముక్క అది. ఎప్పుడో అక్కడి సముద్రపు ఇసుక తవ్వే కంపెనీ ఆఫీసరొకాయన అలా కోయించుకుని స్టీకని పిలిచాడట. ఆ పేరు ఊరికి అంటుకుపోయింది. ఇప్పుడు భంజనగర్ పాకవాడు కూడా తన మేకమాంసాన్ని స్టీకనే అంటున్నాడు.

తిన్నది చాలక, మా ఆయన ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టారు. అందులో ఫొటోలు, వాటి కింద ఉపన్యాసాలు. ఎవరైనా దారి అడిగితే ఊరికే చెప్పరు. స్టీకు ఎలా తినాలో, నిమ్మకాయ ఎందుకు పిండకూడదో అంతా చెప్పి, అప్పుడు చెబుతారు. కూర్మారావుని తనే కనిపెట్టానని ఆయన నమ్మకం. ఆ ఊళ్లో మనుషులు అంతకుముందు ఏం తిని బతికారో ఆయనకి తోచదు.

పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి కూడా అక్కడికి తీసుకెళ్లలేదు. అడగలేదని కాదు, అడిగాను. ఆడవాళ్లు కూర్చునేలా ఉండదన్నారు. బాత్రూమ్ లేదన్నారు. అది నిజమే. బదులుగా ఆకులో చుట్టించి ఒక ముక్క తెచ్చేవారు. వేడివేడిగా తింటేనే స్టీకు అని గ్రూపులో రాసిన చేత్తోనే, చల్లారి బిగుసుకుపోయిన ముక్కని నా ముందు పెట్టి, ఎలా ఉందని అడిగేవారు. బావుందనేదాన్ని. ఆ మాట వినేదాకా అక్కణ్ణుంచి కదిలేవారు కాదు మరి.

నిరుడు వానాకాలం వెళ్లాక, ఒక ఆదివారం ఆయన తొందరగా ఇంటికొచ్చేశారు. ఏమీ తినలేదు. చెప్పులు విప్పి కుర్చీలో కూలబడ్డారు. ఎవరికో ఏదో అయిందనుకున్నాను. తీరా చూస్తే, కూర్మారావు హోటలు బాగుచేయించాడట. నేలకి పలకలు వేశాడు. గ్యాసు పొయ్యి పెట్టాడు. పొగ పోవడానికి గొట్టం పెట్టాడు. ఒక పక్క అద్దాల గది కట్టి ఏసీ బిగించాడు. ఆడవాళ్లకి వేరేగా బాత్రూమ్ కట్టాడు. పైన తన పెళ్లాం నీలమ్మ పేరుతో బోర్డు పెట్టాడు. ఇదంతా మా ఆయన చెబుతుంటే, బతికున్న మనిషిని పాతిపెట్టిన సంగతి చెబుతున్నట్టుంది.

ఆ సాయంత్రమే గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టారు. కూర్మారావు హోటలు పోయిందని, అక్కడ ఇప్పుడు అద్దాలు తినాలి తప్ప చేప తినలేమని. అంతా విని పూర్ణచంద్ర దండం పెట్టే బొమ్మ పంపాడు. ఒక్క ముక్క నోట్లో పెట్టకుండా తీర్పు చెప్పారేమని అడిగినవాడు ఒక్కడూ లేడు. మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. బరంపురం కార్లు ఆర్యపల్లి వైపు వెళ్లడం తగ్గిపోయింది.

కొన్నాళ్లకి కూర్మారావు మా ఇంటికి వచ్చాడు. బక్కగా, నల్లగా, ఇస్త్రీ చొక్కాలో ఇబ్బందిగా ఉన్నాడు. చేతిలో ఆకు పొట్లం. మా ఆయన లోపలికి రమ్మనలేదు. వరండాలో తను కుర్చీలో కూర్చుని, అతన్ని నిలబెట్టే మాట్లాడారు. కొత్త హోటలుకి ఒక్కసారి వచ్చి, తిని, అప్పుడు ఏమనుకుంటే అది చెప్పమని అతను బతిమాలాడు. మా ఆయన ఆ పొట్లం వంక చూడనైనా చూడలేదు. ముందు ఆ అద్దాలు పీకేయమన్నారు. పలకలు తీసేయమన్నారు. గ్యాసు తీసేసి పాత సరుగుడు కట్టెల పొయ్యే పెట్టమన్నారు.

నేను మజ్జిగ గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను.

నీలమ్మకి ఊపిరి అందడం లేదని, పొగ దగ్గరికి వెళ్తే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడని, అందుకే మార్చానని కూర్మారావు మెల్లగా చెప్పాడు. ఆ మాట విన్నాకైనా మా ఆయన కాస్త తగ్గుతారనుకున్నాను. ఆయన తగ్గలేదు. కావాలంటే ఆవిడ దగ్గర ఒక ఫ్యాను పెట్టుకోమన్నారు.

"కట్టెల పొయ్యి మాత్రం మళ్లీ పెట్టు. ఆ పొగలోనే ఉంది రుచి. అది పోతే నీ కొట్టుకి ఏటుంది?"

కూర్మారావు తలెత్తి ఆయన వంక చూశాడు. అతని గొంతులో కోపం లేదు.

"పొగ మా ఇంటిది మింగుతాది బాబూ. రుచి మీకొస్తాది."

అంతే. మజ్జిగ ఇస్తే వద్దనకుండా తాగాడు. పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. చూశావా ఎంత పొగరో అని మా ఆయన నాతో అన్నారు. నేను లోపలికి వెళ్లి, ఆ పొట్లం విప్పి, వంటింట్లో నిలబడే మొత్తం తినేశాను. అప్పటికే చల్లారింది. ఆ రోజు ఎవరూ ఎలా ఉందని అడగలేదు.

ఆ వారంలోనే ఆర్యపల్లి వెళ్లాను. నా తోడికోడలు నాగశ్రీని వెంటపెట్టుకున్నాను. కారు అడగలేదు. బస్సులో ఛత్రపురం, అక్కణ్ణుంచి ఆటో. దారిలో ఎండబెట్టిన చేపల వాసనకి నాగశ్రీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వెనక్కి పోదామని మాత్రం అనలేదు.

ఆ హోటలు అందంగా ఉందని చెప్పను. గుమ్మంలో ప్లాస్టిక్ చేప ఒకటి నోట్లోంచి నీళ్లు కక్కుతోంది. బోర్డు చుట్టూ పట్టపగలే ఎర్రబల్బులు, నీలంబల్బులు. గోడ మీద ఈ సముద్రతీరంలో ఎక్కడా లేని కొండలు, జలపాతాల బొమ్మ. మా ఆయన చూస్తే ఏమనేవారో నాకు తెలుసు, నాకూ అదే అనిపించింది. కానీ నేల తుడిచి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. బాత్రూమ్‌కి గడియ ఉంది. మొగవాళ్లు ఎవరూ మా వంక వింతగా చూడలేదు.

స్టీకు వచ్చింది. ముక్క అంచులు కరకరలాడుతున్నాయి, మధ్యలో వేలు పెడితే పొరలు పొరలుగా విడిపోతోంది. నూనె కొంచెం ఎక్కువైంది. పాత రుచేనా కాదా అని అడిగితే నేను చెప్పలేను, పాత రుచి నాకెప్పుడూ వేడిగా అందలేదు. నాగశ్రీ ముక్క మొత్తం తిని, వేళ్లు నాకి, ఇంకొకటి తెమ్మంది.

మా మాట విని నీలమ్మ బయటికొచ్చింది. సన్నటి మనిషి. కళ్ల చుట్టూ చర్మం ఎర్రగా కమిలి ఉంది. నాలుగడుగులు వేసి, గోడకి చెయ్యి ఆనించి నిలబడి, ఊపిరి తీసుకుని అప్పుడు మాట్లాడింది. ఎవరింటివాళ్లమని అడిగింది. మిరపకాయల లక్ష్మణరావుగారి భార్యనని చెప్పాను. నాగశ్రీ బల్ల కింద నా కాలు తొక్కింది.

నీలమ్మ మొహం మారలేదు. మా ఆయన ఎప్పుడూ పొయ్యికెదురుగా ఆ మూలే కూర్చునేవారని చెప్పింది. ఒకసారి కొత్త పళ్లేలు కొంటే, సొట్టలవే బావున్నాయి, ఇవి తీసెయ్యమని ఆయన పట్టుబట్టారట. పెద్ద సావుకారు కదా అని వాటిని అటక మీద పెట్టేశారట. ఇప్పుడు మా ముందున్నవి ఆ పళ్లేలే.

"మరి ఆయన మీద నీకు కోపం రానేదా?" అని అడిగాను.

"కోపమెందుకమ్మా. ఆరి ఇంట్లో ఏటి నేదు? అన్నీ ఉన్నాయి. ఏటీ నేని సోటు సూడ్డానికి ఒచ్చీవోరు." అంది. నా పళ్లెం వంక చూసి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

సరిపోయిందని చెప్పాను. తర్వాత నెలకి రెండు మూడుసార్లు వెళ్లడం మొదలుపెట్టాం. మా వీధి ఆడవాళ్లు ఒకరొకరుగా తోడయ్యారు. వాళ్ల చెల్లెళ్లు, కోడళ్లు కూడా వచ్చారు. బరంపురం కార్లు మళ్లీ ఆర్యపల్లి దారి పట్టాయి. ఈసారి ముందు సీట్లోనూ ఆడవాళ్లే.

ఈలోగా మా ఆయన కొత్త మురికి వెతుక్కున్నారు. భంజనగర్ దాటి అడవి దారిలో, తాటాకు కప్పిన పాక. గోడలు కూడా లేవు. నీళ్లు తుప్పుపట్టిన డ్రమ్ములో. మాంసం చెట్టుకొమ్మకి వేలాడుతుంది. అది దొరికినందుకు ఆయన ఎంత సంబరపడ్డారంటే, విశాఖపట్నం నుంచి వచ్చిన పెద్ద వ్యాపారిని కూడా అక్కడికే విందుకి తీసుకెళ్లారు. ఆ పెద్దమనిషి తెల్ల ప్యాంటుతో వచ్చాడు. రాతిబండ మీద కూర్చోబెట్టారు. అసలు స్టీకంటే ఇదీ అని మా ఆయన ఉపన్యాసం ఇస్తుంటే, మర్యాదకి అతను రెండు ముక్కలు మింగాడు.

తెల్లారేసరికి తిన్నవాళ్లంతా మంచాన పడ్డారు. విశాఖ వ్యాపారిని ఆసుపత్రిలో చేర్పించి సెలైన్లు ఎక్కించారు. లేచి నిలబడగానే రైలెక్కి వెళ్లిపోయాడు, ఆ తర్వాత మిరపకాయలు ఇంకెవరి దగ్గరో కొంటున్నాడని విన్నాం. మా ఆయన గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చారు. నేను సగ్గుబియ్యం జావ కాచి పోశాను. జావ మరీ పల్చగా ఉందని అందులోనూ వంక పెట్టారు. గ్రూపులో ఎవరూ మాట్లాడటం లేదు. ఒక ఆదివారం నీలమ్మ హోటలు ఏసీ గదిలో పూర్ణచంద్ర తన భార్యతో కూర్చుని కనిపించాడు. నన్ను చూడగానే మెనూ కార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ కార్డు వెనక నుంచే చేప నములుతున్నాడు.

నేను ఆర్యపల్లి వెళ్తున్న సంగతి మా ఆయనకి ఎవరి ద్వారానో తెలిసింది. ఒక మధ్యాహ్నం మంచం మీదే కూర్చుని అడిగారు.

"నాకు సెప్పకుండా అక్కడికి ఎల్తున్నావేటి?"

"ఆడోళ్లకి సోటు లేదన్నారు కదా. ఇప్పుడుంది."

అప్పుడే కొట్టు గుమాస్తా ఏదో అడగడానికి వస్తే విసుక్కుని పంపేశారు. మళ్లీ నా వైపు తిరక్కుండానే, గొంతు తగ్గించి, స్టీకు ఎలా ఉందని అడిగారు. నేను చెప్పలేదు. వెళ్లి తినండి అన్నాను. చచ్చినా ఆ అద్దాల గదిలో కాలు పెట్టనన్నారు.

మాట నిలబెట్టుకున్నారు. కాలు పెట్టలేదు. తర్వాతి ఆదివారం తనే కారు తీసి, నన్నూ నాగశ్రీనీ ఎక్కించుకుని ఆర్యపల్లి వచ్చారు. మేం దిగాం. ఆయన దిగలేదు. సరుగుడు చెట్ల పక్కన, నీడ లేని చోట కారు ఆపుకుని, అద్దాలు ఎత్తుకుని, కారులో ఏసీ వేసుకుని కూర్చున్నారు. కూర్మారావు అద్దాల గదిలోంచి చూసి, పళ్లెం తీసుకుని, ఆ మండుటెండలో ఇసుక తొక్కుకుంటూ వెళ్లాడు. కారు అద్దం కాస్త కిందికి దిగింది. ఒక చెయ్యి బయటికొచ్చి పళ్లెం అందుకుంది. అద్దం మళ్లీ పైకి వెళ్లింది.

కొంతసేపటికి హారను మోగింది. ఇంకో ముక్క కావాలట. కూర్మారావు లేవబోయాడు. నీలమ్మ వద్దని చేత్తోనే వారించింది.

"ఆకలేస్తే ఆరే దిగొస్తారు. నువ్వు కూసో." అంది.

హారను ఇంకోసారి మోగింది. నాగశ్రీ నా పళ్లెంలోకి నిమ్మచెక్క పిండింది.