తెల్లరంగు కింద చెయ్యి

“అంతా కంప్యూటరే గీసేత్తాది. పొద్దుట్నుంచి నువ్వేటి సేత్తన్నావు?” అన్నాడు రోనాల్డ్, టీ గ్లాసు బల్లమీద పెడుతూ.

ఆ టీ పెట్టింది కూడా జాయ్సే. ఆ సంగతి ఇప్పుడెందుకులెండి. అరకు సంతవీధిలో వాళ్ల స్టిక్కర్ల కొట్టుకి పేరు మొగుడిది, పని పెళ్లానిది. కంప్యూటర్ గీసే మాట నిజమే. ఫొటో ఇస్తే క్షణంలో గీతలుగా మార్చి పడేస్తుంది. ఎలాగనుకున్నారు? కోడి గీరినట్టు. ఒక్క ముక్కుకే నాలుగొందల చుక్కలు! చుక్క చుక్కకీ కటింగ్ మిషన్ కత్తి తడబడి స్టిక్కర్‌ని చింపేస్తుంది. అందుకని అక్కర్లేని చుక్కలు తీసెయ్యాలి, తెగిన గీతలు కలపాలి, ఒకదాని మీదొకటి ఎక్కిన అక్షరాల్ని ఒక్కటి చెయ్యాలి. ఇదంతా అన్నం వార్చుకుంటూ, పిల్లకి జడ వేస్తూ, మధ్యమధ్య చేసే పని కాబట్టి ఎవరి కంటికీ పనిలా ఆనదు.

మొన్న కాఫీ సొసైటీ వాళ్లు ఫోన్ చేశారు. ఏడాది పొడుగునా తమ ప్యాకెట్ల బొమ్మలన్నీ ఇక్కడే చేయిస్తామనీ, చేసే మనిషి పేరు చెప్పి, ఆ మనిషినే మాట్లాడ్డానికి పంపమనీ అడిగారు. “రోనాల్డ్” అన్నాడు రోనాల్డ్. జాయ్స్ పక్కనే నిలబడి ఉంది. “ఎవుల పేరయితే ఏటి, ఇల్లొకటే కదా” అన్నాడు తర్వాత. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! ఇవాళ మధ్యాహ్నం వెళ్లి, ఆ బొమ్మలన్నీ తనవేనని చెప్పబోతున్నాడు. తెల్లారినప్పట్నుంచి ఆ మాటే జాయ్స్‌ని తొలిచేస్తోంది.

ఈలోగా ఇంకో పని. ఆదివారం మామ ఫిలిప్పు జ్ఞాపకార్థ కూడిక. పాతికేళ్లపాటు ఈ కొండల్లో చర్చి గోడలన్నిటి మీదా వాక్యాలు రాసిన పెయింటరు ఆయన. కొట్టు అద్దం తలుపుకి ఆయన నిలువెత్తు బొమ్మ అతికించాలి. పాత ఫొటోలో గోడ ముందు బ్రష్షు పట్టుకుని నవ్వుతున్నాడు. పక్కన తెల్లగా వెలిసిన మచ్చ. కంప్యూటర్ గీసేసరికి ఆ మచ్చలోంచి ఇంకో చెయ్యి వచ్చి బ్రష్షు పట్టుకుంది. సన్నటి మణికట్టు, రెండు గాజులు, వంకర చిటికెనవేలు. ఫొటోలో కళ్లు చికిలించి వెతికినా ఆ చెయ్యి లేదు.

“మరకే అది. తెల్లరంగు పూసీయ్, బేగి” అని రోనాల్డ్ మౌసు లాక్కుని తనే పూసేశాడు. మహానుభావుడికి తెలియందేమిటంటే, కత్తికి రంగు కనపడదు. గీత ఉంటే చాలు, తెల్లదైనా కోస్తుంది. కోసింది. “స్టిక్కరు పాడుసేసినావు గదే!” అని జాయ్స్‌నే తిట్టి స్నానానికి పోయాడు.

జాయ్స్ ఆ చెయ్యిని చుక్క మిగలకుండా తీసేసింది. తెరమీద అక్కడిప్పుడు ఏమీ లేదు. మిషన్ నడిపింది. బయట మంచు అద్దానికి అతుక్కుని ఉంది. కత్తి మామ గడ్డం, భుజం కోసుకుంటూ వచ్చి, ఖాళీ చోట ఆగింది. ఆగి, తెలిసిన దారిలో నడిచినట్టు నింపాదిగా ఒక్కో వేలే గీయసాగింది. యేసయ్యా! జాయ్స్ గబుక్కున వంగి వైరు పీకేసింది. వైరు చేతిలో ఉండగానే కత్తి రెండో గాజు కూడా పూర్తి చేసి, అప్పుడు ఆగింది.

“నా సెయ్యి నీకెక్కడ దొరికిందే?”

వెనక అత్త అంతోనమ్మ. తడబడుతూ వచ్చి, బోసి చెయ్యి ఆ స్టిక్కర్ మీద పెట్టింది. వేలికి వేలు సరిపోయింది, వంకర చిటికెనవేలుతో సహా.

“మీ మామకి అచ్చరం కుదిరీది కాదు, గుంటా. గోడలన్నీ నానే రాసినాను. ఆడు బ్రష్షు అట్టుకుని ఫొటోకి నిలబడీవోడు. ఇందులో నా సెయ్యి కూడా పడిపోనాది. నలుగురూ సూత్తే బాగోదు, గీకీమన్నాడు. బ్లేడెట్టి నానే గీకీసుకున్నాను.”

“నొప్పెట్టలేదా అత్తా?” అదేం ప్రశ్నో, జాయ్స్ నోట అలాగే వచ్చింది.

“నేదే. నొప్పి తెలీనందుకే బయమేసినాది.”

జాయ్స్ కుడిచెయ్యి చల్లబడింది. ఎడంచేత్తో గిల్లి చూసుకుంది. తెలియలేదు. గోళ్లు దిగేలా గిల్లింది. రక్తం వచ్చిందిగానీ చీమ కుట్టినట్టు కూడా లేదు. లోపల స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. జాయ్స్ ఫోన్ అందుకుని సొసైటీకి కలిపింది.

“నమస్తే అండీ, ఆ బొమ్మలు రోనాల్డ్ చెయ్యలేదు. నేను చేశాను. నా పేరు జాయ్స్. మధ్యాహ్నం నేనే వస్తున్నాను.”

“ఏటే, ఏటంటన్నావు?” తలుపు తెరుచుకుంది. తడి తలతో రోనాల్డ్.

అప్పుడు మండింది, గిల్లిన చోట.