చూడ్డానికి మాత్రమే

సెట్టిగారి చీరల అంగడి కోడుమూరు బ్రాంచిలో శివలీల పొద్దున్నే చేసే పనులకు ఒక వరస ఉండేది. షట్టరు ఎత్తడం, వాకిట్లో నీళ్ళు చల్లడం, వాసవీ అమ్మవారి పటం ముందు ఊదుబత్తి వెలిగించడం, ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని వీపీఎన్ కలపడం. పాస్‌వర్డు కొట్టి కాసేపు ఓపిక పట్టాలి. తెర మూలన గడియారం పక్కన చిన్న బొమ్మ వెలిగిందంటే కర్నూలు అంగడి కలిసినట్టే. దారి ఇంటర్నెట్ మీదుగానే పోతుంది గానీ బయటివాళ్ళ కంట పడకుండా పోతుంది. అది కలిసి ఉన్నంతసేపూ కోడుమూరు కంప్యూటరు కర్నూల్లో సెట్టిగారి గద్దె పక్కనే ఉన్నట్టు లెక్క. అక్కడి స్టాకు ఫైళ్ళు ఇక్కడ తెరుచుకుంటాయి. ఇక్కడ బిల్లు కొడితే అక్కడి ప్రింటర్లో కాగితం బయటికొస్తుంది. ఇక్కడి బీరువా తలుపు తీస్తే అక్కడి బీరువా అరలు, వాటి వెనక కర్నూలు అంగడి కనిపిస్తాయి.

బీరువా సంగతి ఎవరికీ వింత కాలేదు. రామసుబ్బయ్య సెట్టి మేనల్లుడు ప్రదీప్‌కుమార్ ఆ లైను పెట్టిన రోజు, రెండు ఊళ్ళవాళ్ళూ వాడుకోదగ్గవాటికి టిక్కులు పెడుతూ పోయాడు. ఫోల్డర్లయ్యాయి, ప్రింటరయింది, బీరువా కూడా అయింది. దాంతో సెట్టికి పార్సిళ్ళ బాధ తప్పింది. మగ్గాలవాళ్ళకు జరీ కోసం బస్టాండులో పడిగాపులు తప్పాయి. శివలీలకు మాత్రం అన్న దగ్గరయ్యాడు.

ఆమె అన్న రామాంజి కర్నూలు అంగట్లో మూటలు కట్టేవాడు, రాత్రిళ్ళు కాపలాకు అక్కడే పడుకునేవాడు. మధ్యాహ్నం అటునుంచి అతను, ఇటునుంచి ఆమె బీరువా తలుపులు తీసి, చీరల మధ్య గిన్నెలు పెట్టుకుని కబుర్లాడుతూ తినేవాళ్ళు. తల్లి హంపమ్మ చేసిన జొన్నరొట్టె వేడివేడిగా కర్నూలు చేరేది.

ఆ సుఖం ఎంతో కాలం సాగలేదు. ఒకసారి బీరువాలో పెట్టిన జరీ డబ్బాలు మాయమయ్యాయి. ఎవరు తీశారో తేలలేదు. సెట్టి అందరినీ అనుమానించి, ఎవరినీ ఏమీ అనకుండా, మేనల్లుణ్ణి పిలిచాడు.

“ఇంక కోడుమూరోళ్ళకి చూసేదే. మార్చేది, తీసేది ఉండగూడదు. అట్లా పెట్టప్పా,” అన్నాడు.

ప్రదీప్‌కుమార్ అట్లాగే పెట్టాడు. ఆ రోజు నుంచి ఇటు తీసుకున్న చీర అటు అరలోనూ అట్లాగే ఉండేది. ఇటు వచ్చిన చీర మీద ఏదీ పనిచేసేది కాదు. కత్తెరకు తెగదు, రంగు పట్టదు, మడత మార్చి పెడితే తెల్లారేసరికి పాత మడతలోనే ఉంటుంది. వచ్చిపోయేవాళ్ళకు చూపించడానికి బాగుంది గానీ, అమ్మడానికి పనికిరాదు. ఇటునుంచి జొన్నరొట్టె ఒక ముక్క కూడా పోలేదు. అన్న తింటుంటే శివలీల చూసేది, అంతే. మళ్ళీ మునుపటిలా కావాలంటే ఇంకో పాస్‌వర్డు కొట్టాలి. అది సెట్టి ఒక్కడికే తెలుసు.

ఆ ఏడు వాన కోసం మొక్కిన మొక్కులన్నీ ఒక్కసారే తీరాయి. చుక్క లేదని ఏడ్చిన కోడుమూరులో వీధులు బురదయ్యాయి, హంద్రీ ఒడ్డు దాటింది. గాంధీ జయంతి శుక్రవారం పడింది. సెలవు కదా అని సెట్టి ఇంటిల్లిపాదినీ తీసుకుని మహానంది పోయాడు. ఊరు దాటినప్పుడల్లా చేసినట్టే, రామాంజిని లోపల ఉంచి షట్టరుకు బయట తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. కోడుమూరుకు సెలవు లేదు, అది మగ్గాలవాళ్ళు చీరలు దింపే రోజు.

పొద్దు వాలుతుండగా శివలీల బీరువా తీస్తే నీళ్ళ చప్పుడు వినిపించింది. అరల వెనక రామాంజి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మూటలు అటక మీదికి విసురుతున్నాడు.

“అన్నా, ఏమది?”

“తుంగభద్ర వచ్చేసిందే. హంద్రీ గూడా ఎగదన్నుతాండాది. షట్టరు ఎంత బాదినా పలికేటోళ్ళు లేరు. వీధిలో అందరూ మిద్దెలెక్కినట్టుండారు.”

శివలీల సెట్టికి ఫోను చేసింది. కోనేట్లో మునిగి వచ్చి తల తుడుచుకుంటున్నాడేమో, గొంతు చల్లగా ఉంది.

“సెట్టిగారూ, అంగట్లోకి నీళ్ళొచ్చినాయి. మాయన్న లోపలుండాడు. ఆ పాస్‌వర్డు చెప్పండి, బీరువాలోంచి ఈ పక్కకు లాక్కుంటా.”

“ఆ నీళ్ళు గడప దాకా వస్తాయి, పోతాయి. మా నాయన కాలం నుంచి చూస్తాండా. మూటలు పైన పెట్టమను.”

“నడుము దాకా వస్తాండాయి, సామీ.”

సెట్టి గొంతు తగ్గించాడు.

“ఈ పొద్దు శుక్రవారం గదమ్మా. దీపం పెట్టినాక బీరువా తాళం ఎవురన్నా చెయ్యి దాటిస్తారా? లచ్చిందేవిని బయటికి తోలినట్టు గాదా? తెల్లారనీ, నేనే ఫోను చేసి చెప్తా.”

సెట్టి దుర్మార్గుడేమీ కాదు. శుక్రవారం దీపం వేళ పసుపు కూడా బదులివ్వని ఇంట్లో పుట్టి పెరిగాడు. ఏటి నీళ్ళను గడప దాకానే ఎరిగినవాడు కాబట్టి తెల్లారేదాకా ఏమీ కాదని నిజంగానే నమ్మాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అతని ఫోను కలవలేదు.

శివలీల నోటికొచ్చిన పాస్‌వర్డులన్నీ కొట్టింది. సెట్టి కూతురు శ్రీవాసవి పేరు కొట్టింది, అమ్మవారి పేరు కొట్టింది, అంగడి పేరు కొట్టింది. ఒక్కటీ తగల్లేదు. కర్నూల్లో కరెంటు పోయి చాలాసేపయింది. అటక మీది ఇన్వర్టరు కీచుకీచుమంటోంది. రామాంజి చీరలు తోసేసి బీరువా పై అరలోకి ఎక్కి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. నీళ్ళు కంప్యూటరు బల్ల అంచుకు వచ్చాయి.

“ఎట్లయితే అట్లయింది, రా అన్నా,” అని ఆమె రెండు చేతులూ చాచింది.

రామాంజికి చీరల సంగతి తెలుసు. “ఇట్లా నేనాడికొస్తే, ఈడ ఎవురూ మిగలరు గదా మే?” అని అడిగాడు.

“ఎవురూ మిగలరు. నువ్వు రా.”

ఆమె అతని చంకల కింద చేతులేసి బలమంతా పెట్టి లాగింది. అతను వచ్చాడు. తడిసి ముద్దయి, వణుకుతూ, ఆమె మీద వాలిపోయాడు. శివలీల అన్నను వాటేసుకుని బావురుమంది. ఏడుస్తూనే అతని భుజం మీదుగా చూసింది. పై అరలో రామాంజి మోకాళ్ళు పట్టుకుని అట్లాగే కూర్చుని ఉన్నాడు.

“వచ్చినానా?” అని అక్కణ్ణుంచి అడిగాడు.

“వచ్చినావన్నా,” అంది.

అతను మంచిదన్నట్టు తలూపాడు. ఆమె ఒక చేత్తో ఇటున్న అన్నను పట్టుకుని, రెండో చేయి అటున్న అన్న కోసం చాచింది. తెర మూలన బొమ్మ ఆరిపోయింది. చేతికి బీరువా వెనకరేకు తగిలింది.

వరద తీశాక షట్టరు కోసి, బురదలోంచి రామాంజిని బయటికి తెచ్చారు. తండ్రి రామలింగప్ప వాగొడ్డున కొరివి పెట్టి వచ్చేసరికి, ఇంటి అరుగు మీద రామాంజి తడి చొక్కాతో కూర్చుని ఉన్నాడు. “ఎవురు పోయినారు నాయనా?” అని అడిగాడు. రామలింగప్ప స్నానం చేయకుండానే అతని పక్కన కూలబడ్డాడు. చావు కాగితం రాసిన గుమస్తా, ఎలాగూ ఎదురుగా ఉన్నాడు కదా అని సాక్షిగా రామాంజి వేలిముద్రే అడిగాడు. వేలికి సిరా అంటలేదు.

తర్వాత ఒక దీపం వేళ సెట్టి బ్రాంచికి వచ్చాడు. ముఖం పీక్కుపోయింది. అడక్కుండానే ఆ పాస్‌వర్డు చెప్పి తలుపు పట్టుకుని ఏడ్చాడు. ఆ రోజూ శుక్రవారమే. శివలీల అది కొట్టి చూసింది. కలవడానికి అవతల ఏమీ లేదు.

రామాంజి ఇంట్లోనే ఉన్నాడు. అతని చొక్కా ఎండదు, గడ్డం పెరగదు. హంపమ్మ చేతిలో పెట్టిన రొట్టె ఎంత తిన్నా తరగదు. ఏం చెప్పినా తెల్లారేసరికి అతనికి గుర్తుండదు. చూడ్డానికి వచ్చిన సంబంధాలవాళ్ళు, అన్నను వదిలి వస్తుందా పిల్ల అని అడిగి, శివలీల అన్న పక్కకు జరిగి కూర్చోవడం చూసి వెళ్ళిపోయారు.

ఆమె లేచీ లేవకముందే రోజూ అతను పడకలోంచి అదిరిపడి లేచి కూర్చుంటాడు.

“నేనీడికొస్తే ఆడ ఎవురూ మిగల్లేదు గదా మే?”

“ఎవురూ లేరన్నా.”

అప్పుడు రామాంజి హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు. శివలీల లేచి వాకిట్లో నీళ్ళు చల్లడానికి పోతుంది.